అగ్గిపుల్ల, వాల్వు ట్యూబు, ఒక ఆదివారం

(పల్లె బడుల్లో పిల్లలతో పనిచెయ్యబోతున్న కాలేజీ వాలంటీర్ల శిక్షణలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు గంటల లెక్క మాట్లాడుకుందాం. పల్లె బడి పిల్లల చేత బొమ్మలు చేయిస్తూ సైన్సు అలవాటు చేసే ఈ పని చాలాచోట్ల ఆ లెక్క దగ్గరే తప్పుతుంది.

ఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో, చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు, అంటే ఏడాదికి 120 గంటలు సేవ చెయ్యాలి. దానికి తోడు దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. 1969లో మొదలైన పథకం ఇది. ఆ గంటల్లో ర్యాలీలుంటాయి, మొక్కలు నాటడం ఉంటుంది, రక్తదాన శిబిరాలుంటాయి. అవన్నీ ఉండాల్సినవే. నేను అడిగేది ఒక్కటే. ఏడాది గంటల్లో సగం, అంటే 60 గంటలు, ఒకే బడికి, ఒకే పిల్లలకు ఇవ్వండి. రెండున్నర గంటల చొప్పున 24 ఆదివారాలు. శిబిరంలో ఏడు రోజులు సందడి చేసి ఎనిమిదో రోజు బస్సెక్కేస్తే, మళ్లీ ఎప్పుడొస్తారని పిల్లలు నెలల తరబడి అడుగుతూనే ఉంటారు. శిబిరాన్ని ఆ 24 ఆదివారాలకు మొదలుగా పెట్టుకోండి.

ముప్ఫై మంది పిల్లలు, ఐదుగురు వాలంటీర్లు. ఆరుగురికి ఒకరు. ఇంతకంటే పెద్ద గుంపును తీసుకోవద్దు. అరవై మంది వస్తే రెండు జట్లు చేసి వారం మార్చి వారం పిలవండి. 6, 7, 8 తరగతులు కలిసి ఉంటే మంచిది, ఎందుకో తర్వాత చెప్తాను.

స్ఫూర్తి ఇవ్వడం గురించి ఇలాంటి శిక్షణల్లో చాలా వింటారు. మైకు పట్టుకుని ఇచ్చిన స్ఫూర్తి సాయంత్రం దాకా కూడా నిలవదు. చేతిలో ఉన్న బొమ్మ తిరగదు. ఎందుకు తిరగడం లేదో పిల్ల తనే వెతుకుతుంది, ఒకటి మారుస్తుంది, మళ్లీ చూస్తుంది, అప్పుడది తిరుగుతుంది. ఆ ఉత్సాహాన్ని మనం ఇవ్వక్కర్లేదు, ఇవ్వలేం కూడా. మనం చెయ్యగలిగిందల్లా సరైన సామాను తెచ్చి, సరైన చోట ఆగిపోవడం. ఇవాళ చెప్పేదంతా ఆ ఆగడం గురించే.

దీనికి మన దేశంలోనే గట్టి పునాది ఉంది. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లా, ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు, అక్కడ 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి మొదలుపెట్టాయి. పల్లెటూరి పిల్లలు కూడా ప్రయోగాలు చేసే సైన్సు నేర్చుకోవాలి, అదీ ఊళ్లో దొరికే వస్తువులతో నేర్చుకోవాలి అన్నది వాళ్ల పట్టుదల. పరీక్షలో పుస్తకం చూసి రాయనిచ్చేవారు, ప్రయోగం కూడా చేయించేవారు. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ పనిని చాలా బడులకు తీసుకెళ్లింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. కార్యక్రమం ఆగినా అందులో పుట్టిన పద్ధతులు ఆగలేదు.

ఐఐటీ కాన్పూర్‌లో చదివి పుణెలో టెల్కోలో (ఇప్పటి టాటా మోటార్స్) ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి అక్కడికి వెళ్లారు. వారపు సంతలో దొరికే చవక సరుకుల్లోంచి బోధన సామగ్రి ఏం తయారవుతుందా అని చూశారు. సైకిల్ వాల్వు ట్యూబు, అగ్గిపుల్లలు కలిపి ఆయన చేసిన నమూనాల గురించే కాసేపట్లో వివరంగా చెప్తాను. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులో కూడా ఉన్నాయి, ఆయన వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మన దగ్గర సైన్సును జనంలోకి తీసుకెళ్లే జన విజ్ఞాన వేదిక కూడా ఈ దారిలో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. వాళ్ల చెకుముకి పత్రికను బడికి తెప్పించండి.

ఇక మొదటి ఆదివారం. ఆ రోజు మీరు ఏ సామానూ తీసుకెళ్లకండి. ఈ ఊళ్లో పిల్లలు సొంతంగా చేసుకునే ఆటవస్తువులు ఏమిటో అడగండి. చేసి చూపించమనండి. ఎండాకాలమైతే ముంజకాయల బండి వస్తుంది. కొబ్బరిచెట్లున్న ఊరైతే ఆకు చుట్టి బూర చేస్తారు. తాటాకు పంకా దాదాపు ప్రతి పల్లెలో ఎవరో ఒకరికి వచ్చు. ఆ రోజు గురువులు వాళ్లు, నేర్చుకునేవాళ్లు మీరు. పట్నం నుంచి వచ్చిన అన్నకి బండి చెయ్యడం రాకపోతే, ఆరో తరగతి పిల్లాడు కర్ర లాక్కుని చూపిస్తాడు. ఆ ఒక్క పూటలో కుదిరే చనువు నెల రోజుల పరిచయాల్లో కుదరదు. మిమ్మల్ని సార్, మేడం అనొద్దని, అన్నా, అక్కా అనమని కూడా ఆ రోజే చెప్పండి.

ఆ బొమ్మల్లో ఉన్న సైన్సును తక్కువగా చూడకండి. తాటాకు పంకానే తీసుకోండి. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఆకు ముక్క. నట్టనడుమ తుమ్మముల్లుతో చిల్లు. ముల్లును జొన్నదంటు చివర గుచ్చి గాలికి ఎదురుగా పరిగెత్తాలి. ఆకును అడ్డంగా పట్టుకున్నప్పుడు కుడి రెక్క పైఅంచును వెనక్కి వంచితే, ఎడమ రెక్క కింది అంచును వెనక్కి వంచాలి. రెండు రెక్కల పైఅంచులూ వెనక్కి వంచితే ఎంత పరిగెత్తినా తిరగదు, ఒక రెక్క మీది గాలి పంకాను ఎటు తిప్పాలని చూస్తుందో రెండో రెక్క మీది గాలి దానికి వ్యతిరేకంగా తిప్పాలని చూస్తుంది కాబట్టి. చిల్లు బిగుతుగా ఉన్నా తిరగదు. చిల్లు నడుమకు లేకపోతే బరువైన రెక్క కిందికి దిగి ఆగిపోతుంది. ముంజకాయల బండి నేరుగా పోకుండా ఒక పక్కకు లాగేస్తోందా? చక్రాలుగా ఉన్న రెండు ముంజ బుర్రల్లో ఏది చిన్నదో చూడమనండి. రెండూ ఒకే పుల్లకు బిగించి ఉంటాయి కనుక ఒకేసారి ఒక చుట్టు తిరుగుతాయి, ఆ చుట్టులో చిన్నది తక్కువ దూరం పోతుంది. అందుకే బండి చిన్న బుర్ర వైపు తిరుగుతుంది. ఇది మీరు చెప్పొద్దు. బుర్రలు మార్చి తోలి చూడమంటే వాళ్లే పట్టుకుంటారు.

రెండో ఆదివారం నుంచి అగ్గిపుల్లలు. సామాను లెక్క రాసుకోండి. వాల్వు ట్యూబు అంటే సైకిల్ వాల్వుకు తొడిగే సన్నటి రబ్బరు గొట్టం, సైకిల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని సెంటీమీటరున్నర ముక్కలుగా కత్తిరించాలి. ఒక్కొక్కరికి పన్నెండు ముక్కల చొప్పున ముప్ఫై మందికి 360 ముక్కలు, అంటే దాదాపు ఐదున్నర మీటర్లు. చీలిపోయేవి, పారేసుకునేవి ఉంటాయి, ఏడు మీటర్లు కొనండి. గొట్టం తాజాగా ఉండాలి. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్నది సాగదీస్తే పగుళ్లు కనిపిస్తాయి, అది వద్దు. అగ్గిపుల్లలు ఒక్కొక్కరికి ఇరవై, మొత్తం 600, పదిహేను పెట్టెలు. గుచ్చడానికి తుమ్మముళ్లు. దారం ఒక ఉండ, చీపురుపుల్లలు ఒక గుప్పెడు.

అగ్గిపుల్లల మందు పిల్లల చేత తీయించకండి. బ్లేడుతో పొడిగా గీకుతూ ఆ పొడిని కుప్ప పెడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ముందురోజు మీరే పుల్లల తలలు నీళ్లలో నానబెట్టి, మందు తుడిచేసి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి తీసుకెళ్లండి. తడి ఆరని పుల్ల మెత్తబడి గొట్టంలో విరుగుతుంది. ఆ శ్రమ వద్దనుకుంటే గట్టి చీపురుపుల్లల్ని అగ్గిపుల్ల పొడవున తుంచుకున్నా పనవుతుంది, కానీ గొట్టంలో బిగుతుగా కూర్చునేంత లావున్నవి ఏరుకోవాలి.

ట్యూబు ముక్క రెండు చివర్లలో రెండు పుల్లలు దూరిస్తే రెండు చేతుల జాయింటు. అలాంటివి మూడు కలిపితే త్రిభుజం, నాలుగు కలిపితే చతురస్రం. ఇక్కడ ఆగండి. రెండింటినీ మూల దగ్గర పట్టుకుని నొక్కమనండి. చతురస్రం ఒరిగి ఏటవాలు ఆకారమైపోతుంది. త్రిభుజం కదలదు. ఎందుకని? నాలుగు పుల్లల పొడవులు మారకుండానే మూలల కోణాలు మారగలవు. మూడు పుల్లల పొడవులు ఖాయమైతే కోణాలు కూడా ఖాయమైపోతాయి. ఈ వాక్యం పిల్లల నోటి నుంచి వాళ్ల మాటల్లో రావాలి, దానికి పావుగంట పట్టినా పట్టనివ్వండి. కరెంటు టవరు, సెల్ టవరు, రేకుల షెడ్డు కింద ఇనుప చట్రం ఎలా ఉంటాయో చూసి బొమ్మ గీసుకు రమ్మని ఇంటిపని ఇవ్వండి. గోదావరి దగ్గరి పిల్లలైతే రాజమండ్రిలో 1974లో తెరిచిన రోడ్డు రైలు వంతెన ఉండనే ఉంది. దాని పక్కచట్రంలో త్రిభుజాలే కనిపిస్తాయి.

తర్వాత మూడు చేతుల జాయింటు. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ట్యూబు ముక్క నడుమ ముల్లుతో ఒకవైపు గోడకే చిల్లు పెట్టాలి. ముల్లు రెండోవైపు కూడా పొడుచుకెళితే పుల్ల అటునుంచి బయటికొచ్చేస్తుంది. మూడో పుల్ల కొనను కొద్దిగా చెక్కి ఆ చిల్లులోకి తోయాలి. మొద్దుగా ఉన్న పుల్లను బలవంతంగా తోస్తే రబ్బరు చీలుతుంది. చిల్లు బాగానే ఉన్నా మూడోది దూరడం లేదంటే, మిగతా రెండు పుల్లలు లోపల ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటిని చెరో అర సెంటీమీటరే లోపలికి పోనిచ్చి నడుమ ఖాళీ ఉంచాలి.

మూడు చేతుల జాయింట్లు నాలుగు, పుల్లలు ఆరు ఉంటే త్రిభుజాల పిరమిడ్ వస్తుంది. కదిపినా ఒరగదు. జాయింట్లు ఎనిమిది, పుల్లలు పన్నెండు ఉంటే ఘనం వస్తుంది, బల్లమీద పెట్టగానే కూలబడుతుంది. ప్రతి గుంపులో ఎవరో ఒకరు "అక్కా, నాది సరిగ్గా రాలేదు" అంటారు. సరిగ్గానే వచ్చింది, ఘనం స్వభావమే అది. దీన్ని నిలబెట్టండి చూద్దాం అని వదిలెయ్యండి. కొందరు జాయింట్లకు జిగురు పూస్తారు. కొందరు పుల్లలు రెట్టింపు చేస్తారు. కొందరికి త్రిభుజం గుర్తొచ్చి మూల నుంచి మూలకు అడ్డపుల్ల వెయ్యాలనుకుంటారు. అగ్గిపుల్ల చాలదు, ఎందుకంటే మూల నుంచి మూలకు దూరం భుజానికి దాదాపు 1.4 రెట్లు. చీపురుపుల్ల కొలిచి తుంచి, మూలల దగ్గర దారంతో కట్టుకోవాలి. ఆరు ముఖాలకు ఆరు అడ్డపుల్లలు వేస్తే ఘనం గట్టిగా నిలుస్తుంది. ఐదు వేసి ఆపితే ఒక ముఖం దగ్గర ఇంకా ఊగుతుంది, అదీ చూడనివ్వండి. పుల్లకు బదులు దారమే అడ్డంగా కడితే? ముఖానికి ఒకటి చాలదు, ఎదురెదురు మూలల జతలు రెండింటికీ కట్టాలి. దారం లాగగలదు, నెట్టలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు ఇక్కడిదాకా వచ్చారంటే ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చెప్పే విషయం వాళ్ల వేళ్లకు తెలిసిపోయినట్టే. దీనికి రెండు ఆదివారాలు పూర్తిగా ఇవ్వండి. తొందరపడితే మిగిలేది ఘనం ఒక్కటే, దాన్ని నిలబెట్టే ఆలోచన మిగలదు.

నాలుగో వారానికి మోటారు. ఒక్కో గుంపుకు పెద్ద సైజు టార్చి సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, చిన్న అయస్కాంతం ఒకటి, సైకిల్ ట్యూబు నుంచి రెండు వేళ్ల వెడల్పున కత్తిరించిన రబ్బరు పట్టీ, గరుకు కాగితం ముక్క, వార్నీషు పూసిన రాగితీగ మీటరు. తీగ మోటార్లు వైండింగ్ చేసే షాపులో అడగండి, 22 గేజి సరిపోతుంది. తీగను సెల్లు చుట్టూ ఎనిమిది చుట్లు చుట్టి తీసెయ్యాలి. రెండు కొనలను ఎదురెదురుగా చుట్టకు రెండేసి మెలికలు వేసి బిగించి, కొసలు రెండు మూడు సెంటీమీటర్లు నిటారుగా బయటికి వదలాలి. పిన్నీసులను సెల్లు రెండు చివర్లా రబ్బరు పట్టీతో బిగించాలి. అయస్కాంతం సెల్లు నడుమ పెట్టాలి. చుట్ట కొసలు పిన్నీసు కన్నాల్లో కూర్చుంటాయి.

అసలు కీలకం వార్నీషు గీకడంలో ఉంది. ఒక కొసను చుట్టూరా గీకాలి. రెండో కొసను, చుట్టను బల్లమీద నిలువుగా పట్టుకుని, పైసగం మాత్రమే గీకాలి. కింది సగం వార్నీషు అలాగే ఉండాలి. రెండు కొసలూ చుట్టూరా గీకేస్తే కరెంటు ఎప్పుడూ పారుతుంది. అప్పుడు సగం చుట్టులో ముందుకు తోసిన బలమే మిగతా సగంలో వెనక్కి తోస్తుంది, చుట్ట ఒకచోట వణుకుతూ ఉండిపోతుంది. సగం గీకితే వెనక్కి తోసే సమయానికి కరెంటు ఆగుతుంది, చుట్ట ఉన్న వేగంతో ఆ సగం దాటేస్తుంది, మళ్లీ కరెంటు అందుకుంటుంది. పిల్లలు దాదాపు అందరూ రెండు కొసలూ పూర్తిగా గీకేస్తారు. గీకనివ్వండి. వణికే చుట్టనూ తిరిగే చుట్టనూ పక్కపక్కన పెట్టినప్పుడు అడిగే ప్రశ్నకు బలం ఉంటుంది.

తిరగకపోతే వెతకాల్సిన వరుస ఇది. కొసలు నిటారుగా ఒకే గీతలో ఉన్నాయా? చుట్టను వేలితో తిప్పి వదిలితే ప్రతిసారీ ఒకే వైపు కిందికి దిగుతోందా? అయితే బరువు ఒక పక్కకు ఉంది, వంచి సరిచెయ్యాలి. పిన్నీసు సెల్లు కొసను నిజంగా తాకుతోందా? పిన్నీసు మీద తుప్పు ఉందా? అన్నీ బాగుంటే వేలితో చిన్న తోపు ఇవ్వాలి. చివర్లో సెల్లు మార్చి చూడాలి. ఎందుకు చివర్లో అంటే, పిల్లలు మొదట అనుమానించేది సెల్లునే, అది మార్చడం సులువు కనుక. ఇంకో జాగ్రత్త. ఆ తీగకు నిరోధం చాలా తక్కువ, తిరగకుండా ఆగిపోయిన చుట్టను అలాగే వదిలితే సెల్లు, తీగ వేడెక్కుతాయి. పదిహేను, ఇరవై సెకన్లకు ఒకసారి చుట్ట తీసెయ్యమనండి. ఫోన్లలోంచి తీసిన లిథియం బ్యాటరీలు దగ్గరికి కూడా రానివ్వకండి, అవి అంటుకుంటాయి.

ఇప్పుడు మీ చేతుల గురించి. పిల్ల చేతిలోంచి బొమ్మ తీసుకుని "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అనడం వాలంటీర్లకు అన్నిటికంటే సులువుగా అలవాటవుతుంది. ప్రేమతోనే చేస్తారు. ఆ క్షణం నుంచి ఆ బొమ్మ పిల్లది కాదు, మీది. చేతులు వెనక్కి కట్టుకుని మూడు ప్రశ్నలే అడగండి. ఏం జరిగింది? నువ్వు ఏం మార్చావు? మార్చాక ఏమైంది? ఒక్కసారికి ఒక్కటే మార్చమనండి, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. చేసి చూపించాల్సి వస్తే మీదైన ఇంకో బొమ్మ మీద చూపించండి.

గుంపులో చురుకైన పిల్లలు సామానంతా తమ ముందు పెట్టుకుంటారు. ఆడపిల్లలు వెనక్కి జరిగి "మేం చూస్తాం" అంటారు. దీనికి ఉపదేశం పనికిరాదు, సామాను పంచే తీరు మార్చాలి. వాల్వు ట్యూబు, పుల్లలు ఎవరివి వాళ్లకు చిన్న పొట్లంలో కట్టి ఇవ్వండి. మోటారు దగ్గర, ఒకరు చుట్ట చుడితే, ఇంకొకరు గీకాలి, మరొకరు బిగించాలి, వచ్చేసారి పనులు మారాలి. పోటీ పెట్టి బహుమతి ఇస్తే తిరగని మోటారును పిల్లలు దాచేస్తారు. మనకు కావలసింది ఆ తిరగని మోటారే కాబట్టి పోటీలు వద్దు. చేసిన బొమ్మ ఇంటికి తీసుకెళ్లనివ్వండి. బీరువాలో ప్రదర్శనకు పెట్టిన బొమ్మను ఎవరూ ముట్టుకోరు.

బడి గోడకు ఒక ప్రశ్నల పెట్టె తగిలించండి. హోషంగాబాద్‌లో దీనికి చక్కటి ఏర్పాటు ఉండేది. సవాలీరాం అనే కల్పిత మనిషికి పిల్లలు ఉత్తరాలు రాసేవారు, ఆయన పేరు మీద జవాబులు వెళ్లేవి. మీ పెట్టెలోకి చింతాకు రాత్రిపూట ఎందుకు ముడుచుకుంటుంది అన్న చీటీ వచ్చిందనుకోండి. ఫోనులో వెతికి చదివి వినిపించకండి. ఎన్నింటికి ముడుచుకోవడం మొదలవుతుందో నాలుగు రోజులు అదే చెట్టు దగ్గర చూసి రాయమనండి. వేపాకు కూడా ముడుచుకుంటుందా? మధ్యాహ్నం ఒక చిన్న కొమ్మకు నల్లగుడ్డ కప్పితే ఏమవుతుంది? పిల్లలు రాసింది, అక్షరదోషాలతో సహా, గోడపత్రిక మీద అంటించండి. దోషాలు దిద్దడం తెలుగు మాష్టారి తరగతిలో జరుగుతుంది, ఇక్కడ వాళ్లు చూసింది రాయడమే ముఖ్యం. జవాబు మీకు తెలియనిదైతే తెలియదని చెప్పి వాళ్లతోపాటు వెతకండి.

కొన్ని విషయాల్లో సడలింపు లేదు. ప్రధానోపాధ్యాయుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఏ వాలంటీరూ ఒక పిల్లతో గానీ పిల్లాడితో గానీ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టకూడదు. పిల్లలతో విడిగా ఫోను సందేశాలు వద్దు. ఎవరైనా పిల్ల తనకు ఇంట్లోనో బయటో హాని జరుగుతోందని చెబితే, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. శ్రద్ధగా వినండి, ప్రధానోపాధ్యాయులకు చెప్పండి, 1098కి ఫోన్ చెయ్యండి. బ్లేడ్లు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి.

కొన్ని వారాలు గడిచాక రెండు వైపులా హాజరు తగ్గుతుంది. మీకు సెమిస్టర్ పరీక్షలొస్తాయి. పత్తి తీసే రోజుల్లో కొందరు పిల్లలు అమ్మానాన్నలతో చేలోకి పోతారు. వచ్చినవాళ్ల ముందు రానివాళ్లను నిందించకండి, వాళ్ల పొట్లం వేరుగా కట్టి ఉంచండి. మీ వైపు ఐదుగురికి ఇద్దరు అదనపు వాలంటీర్లను ముందే తయారుచేసుకోండి. రాలేని ఆదివారం ఏదో ముందే గోడమీద రాయండి. చెప్పి మానెయ్యడం పిల్లలకు అర్థమవుతుంది. చెప్పకుండా మానేస్తే బడి గేటు దగ్గర కూర్చుని ఎండెక్కేదాకా చూసి వెళ్లిపోతారు, మరుసటి వారం సగం మంది రారు.

మూడు తరగతుల్ని కలపమన్నది ఇందుకే. పన్నెండో ఆదివారం నుంచి ఎనిమిదో తరగతివాళ్లు ఆరో తరగతివాళ్లకు వాల్వు ట్యూబు జాయింట్లు నేర్పాలి. మొదట వాళ్లు కూడా మీలాగే చేతిలోంచి లాక్కుని చేసేస్తారు. అప్పుడు మూడు ప్రశ్నల సంగతి వాళ్లకు చెప్పండి. చివరి ఆరు ఆదివారాలు సామాను తేవడం, పంచడం, ప్రశ్నల పెట్టె తెరవడం అన్నీ పిల్లల చేతికి వెళ్లిపోవాలి. సైకిల్ షాపు ఎక్కడుందో వాళ్లకు మీకంటే బాగా తెలుసు. మీరు వెళ్లిపోయాక ఆ గది తెరిచి ఉంటుందా లేదా అన్నది ఆ ఆరు వారాల మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక మాటలు చాలు. పక్క హాల్లో బల్లల మీద వాల్వు ట్యూబు, పుల్లలు, ముళ్లు పెట్టి ఉన్నాయి. ఆరుగురు ఆరుగురుగా కూర్చోండి. ముందు త్రిభుజం, చతురస్రం చెయ్యండి, తర్వాత ఘనం. మీ ఘనం కూలబడ్డాక నన్ను పిలవకండి, పక్కవాళ్లతో మాట్లాడి నిలబెట్టండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మోటార్లు మొదలుపెడదాం.